ఫ్రెంచి విప్లవం: వేషధారణపై చట్టాలు

సభకు నమస్కారం.

1789 మే 4న వెర్సాయ్‌లో మతాధికారులు, ప్రభువులు, సామాన్యులు అనే మూడు వర్గాల ప్రతినిధుల ఊరేగింపు జరిగింది. ప్రభువర్గం బంగారు అలంకరణలున్న నల్లని దుస్తులతో, ఈకల టోపీలతో నడవగా, సామాన్యుల తరఫున వచ్చిన న్యాయవాదులూ వర్తకులూ ఏ అలంకారమూ లేని నల్లబట్టల్లో నడిచారు. ఇది వారు కోరుకున్న వేషం కాదు, రాజాస్థానం విధించిన వేషం. అయితే తక్కువ చేసి చూపడానికి తొడిగించిన ఆ నలుపుకే జనంలో గౌరవం దక్కింది. అదే ఏడాది అక్టోబరులో జాతీయ సభ తన సభ్యుల మధ్య ఈ వేషభేదాన్ని రద్దు చేసింది.

అంతస్తును చాటే దుస్తులు పోగానే విధేయతను చాటే దుస్తులు వచ్చిపడ్డాయి. నీలం, తెలుపు, ఎరుపు రంగుల కొకార్డును, అంటే టోపీకి పెట్టుకునే రిబ్బను బిళ్ళను, 1789 జులైలో పదహారవ లూయీ రాజే స్వీకరించవలసి వచ్చింది. 1792 జులైలో మగవారికి, 1793 సెప్టెంబరులో ఆడవారికి చట్టం దాన్ని తప్పనిసరి చేసింది. సంపన్నులు తొడిగే మోకాళ్ళ దాకా ఉండే బిగుతు లాగులను కాదని, శ్రమజీవుల పొడవాటి ప్యాంట్లు, పొట్టి కోటు, ఎర్ర టోపీ దేశభక్తుల వేషంగా స్థిరపడ్డాయి. అంత ఉగ్రంగా విప్లవాన్ని నడిపిన రోబెస్పియర్ మాత్రం చివరిదాకా జుట్టుకు పౌడరు అద్దుకుంటూ పాత పద్ధతిలోనే ముస్తాబయ్యేవాడు. ఆయన్ని ఆ విషయంలో నిలదీసేంత ధైర్యం ఎవరికుంటుంది?

నా దృష్టిలో ఈ చరిత్రకంతటికీ కీలకం 1793 అక్టోబరు 29 నాటి శాసనం. ఏ పౌరుణ్ణిగాని పౌరురాలినిగాని ఫలానా విధంగా దుస్తులు ధరించమని ఎవరూ నిర్బంధించరాదని అది ప్రకటించింది. వినడానికి ఎంతో ఉదారంగా ఉంది. కాని దాని పుట్టుకకు కారణం పారిస్ బజార్లలో సరుకులు అమ్ముకునే స్త్రీలకూ, విప్లవ రిపబ్లికన్ మహిళల సంఘానికీ మధ్య చెలరేగిన గొడవ. సంఘం వారు తమ చేత ఎర్ర టోపీ పెట్టించాలని చూస్తున్నారన్నది ఆ వర్తక స్త్రీల ఫిర్యాదు. ఈరోజు టోపీ అడిగినవారు రేపు నడుముకు పిస్తోళ్ళు అడుగుతారని ఫాబ్ర్ దెగ్లాంతీన్ అనే సభ్యుడు సభలో హెచ్చరించాడు. అందుకే ఆ స్వేచ్ఛకు రెండు హద్దులు గీశారు: ఎవరి లింగానికి తగిన బట్టలే వారు ధరించాలి, కొకార్డు చట్టాలు యథాతథంగా ఉంటాయి. ఆ మరునాడే మహిళా సంఘాలన్నిటినీ నిషేధించారు.

1794 జులైలో రోబెస్పియర్ పతనమయ్యాక ఫ్యాషన్ ఒక్కసారిగా కట్లు తెంచుకుంది. పురాతన గ్రీకు శిల్పాలను తలపించే పల్చని మస్లిన్ గౌన్లలో స్త్రీలు, ఎత్తయిన కాలర్లతో, గడ్డాన్ని కప్పే మెడగుడ్డలతో యువకులు పారిస్ వీధుల్లో తిరిగారు. నవ్వు తెప్పించే ఆ వేషాలు, పొడవాటి ప్యాంట్లు తొడిగిన శ్రామిక విప్లవకారులైన సాంకులోత్‌ల మీద వారి కసి తీర్చుకునే మార్గం కూడా.

హద్దులు మాత్రం చెరిగిపోలేదు. 1800 నవంబరులో పారిస్ పోలీసులు స్త్రీలు అనుమతి లేకుండా మగవేషం వేయరాదని ఉత్తర్వు ఇచ్చారు. అది ఇక చెల్లదని ఫ్రాన్స్ ప్రభుత్వం అధికారికంగా చెప్పింది 2013లో.