కోళ్ల శాస్త్రం చదవడమంటే

శ్రోతలకు నమస్కారం. కోళ్ల గురించి చదవడానికి యూనివర్సిటీ ఎందుకు, మా అవ్వ ఏ కాలేజీకి పోయి కోళ్లు సాకింది అని మన కడప, కర్నూలు, అనంతపురం వైపు చాలామంది అంటుంటారు. మాట సబబే. పెరట్లో తిరిగే నాటుకోడి ఏడాదికి యాభై, అరవై గుడ్లు పెడితే గొప్ప. దానికి పురుగూ పుట్రా, కింద రాలిన గింజలూ చాలు. గుడ్ల కోసమే పెంచే లేయర్ ఫారంలో కోడి అదే ఏడాదిలో 300 గుడ్లు దాటుతుంది. పంజరం విడిచి బయటికి రాదు కాబట్టి మనం వేసిందే తింటుంది. మనం వేయడం మరిచిపోయింది దానికి ఇంకెక్కడా దొరకదు. అందుకే ఇక్కడ లెక్క రావాలి, ఆ లెక్క నేర్పడానికే ఈ చదువు.

మన రాష్ట్రంలో ఇది పశువైద్య డిగ్రీలో భాగంగా ఉంటుంది. తిరుపతిలో శ్రీ వెంకటేశ్వర పశువైద్య విశ్వవిద్యాలయం 2005లో ఏర్పడింది. దాని కింద ప్రొద్దుటూరులో 2008 నుంచి పశువైద్య కళాశాల నడుస్తోంది. డిగ్రీ పేరు బీవీఎస్సీ అండ్ ఏహెచ్. నాలుగున్నరేళ్లు తరగతులు, ఆపైన ఏడాది ఇంటర్న్‌షిప్. ఆవు, గొర్రె, కుక్క అన్నీ చదవాలి. కోళ్ల మీదే పట్టు కావాలంటే తర్వాత రెండేళ్ల ఎంవీఎస్సీలో పౌల్ట్రీ సైన్స్ తీసుకోవాలి. పదో తరగతితోనే చేరగలిగే రెండేళ్ల పశుసంవర్ధక డిప్లొమా వేరే ఉంది.

మొదట చెప్పే పాఠాల్లో గుడ్డు ఒకటి. పచ్చసొన విడుదలైన దగ్గర నుంచి గుడ్డు బయటపడేదాకా సుమారు 25 గంటలు. తెల్లసొన చుట్టుకోవడానికి మూడు గంటలు, లోపలి పొరలకు గంటంబావు, మిగతా 20 గంటలూ పెంకుకే. ఒక పెంకులో రెండు గ్రాములకు పైగా కాల్షియం ఉంటుంది. పెంకు పని ఎక్కువగా రాత్రిపూట సాగుతుంది. అప్పుడు కోడి మేత తినదు. కాబట్టి సాయంత్రం మేతలో సున్నపురాయి పొడిగా కాకుండా రవ్వగా వేస్తారు. పొడి తొందరగా కరిగి పోతుంది. రవ్వ కందనకాయలో నిలిచి రాత్రంతా కొద్దికొద్దిగా కరుగుతుంది. మన జిల్లాల్లో సున్నపురాయికి కొదవ లేదు, ఊరూరా కనిపించే సిమెంటు ఫ్యాక్టరీలు ఊరికే రాలేదు. కానీ డోలమైటు రాయి కూడా మన దగ్గరే దొరుకుతుంది. చూపుకు రెండూ రాళ్లే. డోలమైటులో మెగ్నీషియం ఎక్కువ కావడంతో కాల్షియం ఒంటబట్టదు, పెంకు పలచబడుతుంది, కోడి పారుకుంటుంది. చౌకగా వచ్చిందని లోడు దింపుకునే ముందు ల్యాబులో చూపించాల్సిన రాయి అది.

తర్వాత దాణా లెక్క. మొక్కజొన్నలో మాంసకృత్తులు 9 శాతం, సోయా చెక్కలో 45 శాతం, మనకు కావలసింది 18 శాతం అనుకోండి. 45లోంచి 18 తీస్తే 27, అది మొక్కజొన్న వంతు. 18లోంచి 9 తీస్తే 9, అది సోయా వంతు. అంటే మూడుకు ఒకటి: వంద కిలోల్లో 75 మొక్కజొన్న, 25 సోయా. పిల్లలు పది నిమిషాల్లో నేర్చుకుంటారు. అసలు కష్టం ఆ తర్వాతే. ఆ వంద కిలోల్లోనే సున్నపురాయికి, ఖనిజ లవణాలకు, ఉప్పుకు, విటమిన్లకు చోటు చేయాలి. మాంసకృత్తులు సరిపోయినా వాటిలో ఒక భాగమైన మెథియోనిన్ తక్కువైతే గుడ్డు చిన్నదవుతుంది. మొక్కజొన్న ధర పెరిగినప్పుడు మన తెల్ల జొన్న బాగానే పనికొస్తుంది గానీ, అందులో రంగు పదార్థం లేదు. గుడ్డు పగలగొడితే పచ్చసొన పాలిపోయి కనిపిస్తుంది. పోషణలో లోటేమీ లేకపోయినా కొనేవాడు ముఖం చిట్లిస్తాడు.

వేరుశనగ చెక్క సంగతి మన ప్రాంతం వాళ్లు ఇంకొంచెం శ్రద్ధగా చదవాలి. 1960లో ఇంగ్లండులో లక్షకు పైగా టర్కీ కోళ్లు చచ్చిపోయాయి. కారణం వెతికితే బ్రెజిల్ నుంచి తెచ్చిన వేరుశనగ చెక్కలో బూజు విషం దొరికింది. దాన్నే అఫ్లాటాక్సిన్ అంటున్నాం. కోతకు ముందు వర్షం లేక కాయ బెట్టకొట్టినా, పీకిన తర్వాత తడిసినా ఈ బూజు పడుతుంది. అనంతపురంలో ఏదో ఒకటి తప్పని ఏళ్లే ఎక్కువ. వేయించినా ఉడికించినా ఈ విషం పూర్తిగా పోదు. కోళ్ల దాణాలో అఫ్లాటాక్సిన్ బి1 కిలోకు 20 మైక్రోగ్రాములు దాటకూడదని మన దేశ ప్రమాణం. అంటే టన్నుకు 20 మిల్లీగ్రాములు, గోటి మీద నిలిచేంత.

పరీక్షలో తప్పు ఎక్కువగా శాంపిల్ దగ్గరే జరుగుతుంది. విషం సరుకంతా సమానంగా పరచుకుని ఉండదు, ఒక్క బస్తాలో ఒక్క మూల ఉంటుంది. పైన ఉన్న బస్తాలోంచి గుప్పెడు తీసి పంపితే ల్యాబు బాగుందనే చెబుతుంది, కోళ్లు చస్తూనే ఉంటాయి. బస్తాలో గుచ్చి సరుకు తీసే బంబుతో పలు బస్తాల్లో పైన, మధ్య, అడుగు నుంచి తీసి, అంతా కలిపి, పొడి చేసి, కుప్పను నాలుగు భాగాలు చేసి ఎదురెదురు రెండు భాగాలు ఉంచుకోవాలి. ఇలా తగ్గిస్తూ పోయి చివరికి మిగిలింది పంపాలి. ఈ విషం కొంచెం కొంచెంగా తిన్న కోడి వెంటనే చావదు. రోగనిరోధక శక్తి పడిపోతుంది, వేసిన టీకా పట్టదు. రైతు టీకా కంపెనీని తిట్టుకుంటాడు.

ఎండాకాలం ఇంకో పాఠం. కోడికి చెమట గ్రంథులు లేవు. మామూలుగానే దాని ఒంటి వేడి 41 డిగ్రీల పైన ఉంటుంది. మే నెల కర్నూలులో బయట అంతకు మించితే నోరు తెరిచి రొప్పడమే దానికి తెలిసిన దారి. రొప్పేకొద్దీ రక్తంలోని బొగ్గుపులుసు వాయువు పోతుంది, దాంతో పెంకుకు కావలసిన కార్బొనేటు తగ్గుతుంది. ఏప్రిల్, మే నెలల్లో పలచ పెంకు గుడ్లు ఎక్కువ కావడానికి ఇదొక కారణం, కోడి మేత తగ్గించడం ఇంకో కారణం. తిన్న మేత అరిగేటప్పుడు పుట్టే వేడి కొన్ని గంటల తర్వాత పతాక స్థాయికి చేరుతుంది. అందుకే తెల్లవారుజామున మేత వేసి, పది గంటలకల్లా ఆపి, ఎండ తగ్గాక మళ్లీ వేయమంటారు. మధ్యాహ్నం మేత వేసి మంచి చేశాననుకునేవాళ్ల షెడ్లలోనే సాయంత్రానికి చావులు ఎక్కువ.

చచ్చిన కోడిని కోయడం ఈ చదువులో తప్పదు. ముందు ఈకలను మందు నీళ్లతో తడపాలి, లేకపోతే నూగు ఎగిరి మన ఊపిరిలోకి పోతుంది. వెల్లకిలా పడుకోబెట్టి, తొడలను విరిచి కాళ్లు పక్కలకు వాలేలా చేయాలి. చర్మం ఒలిచి ముందు కండ చూడాలి. తొడ, రొమ్ము కండల్లో నెత్తురు చారలుంటే గంబోరో అనే వైరస్ జబ్బు అని అనుమానం. అప్పుడు మలద్వారం పైన ఉండే బర్సా అనే చిన్న సంచిని కోసి చూస్తారు, అది వాచి ఉంటుంది. కందనకాయకు ముందుండే జీర్ణాశయం గ్రంథుల మీద నెత్తురు చుక్కలుంటే కొక్కెర తెగులు గుర్తుకు రావాలి. పేగు చివర జంటగా ఉండే అంధనాళాల నిండా నెత్తురుంటే కాక్సీడియోసిస్, అంటే పేగుల్లో చేరే పరాన్నజీవి జబ్బు. ఒక్క కోడిని కోసి తీర్పు చెప్పకూడదు. అప్పుడే చచ్చినవి నాలుగైదు చూడాలి. ఎండలో నాలుగు గంటలు పడున్న కోడి పేగులు కుళ్లి రంగు మారతాయి, ఆ రంగును జబ్బు అనుకునే పొరపాటు కొత్త ఇంటర్న్‌లకు సహజం.

ఒక్కసారిగా చాలా కోళ్లు చచ్చి, జుట్టు నీలంగా మారి ఉంటే మాత్రం కత్తి పట్టకూడదు. బర్డ్ ఫ్లూ అయ్యే అవకాశం ఉంది. షెడ్డులోకి రాకపోకలు ఆపి పశుసంవర్ధక శాఖకు చెప్పాలి. నమూనాలు భోపాల్‌లోని జాతీయ ప్రయోగశాలకు వెళతాయి.

నీళ్లలో టీకా ఇవ్వడం తేలిక పనిలా కనిపిస్తుంది. బోరు నీళ్లలో బ్లీచింగ్ కలిపి ఉంటే అది టీకాలోని వైరస్‌నే చంపేస్తుంది. కాబట్టి ముందు రోజు నుంచే బ్లీచింగ్ ఆపాలి. లీటరుకు రెండు, రెండున్నర గ్రాముల వెన్న తీసిన పాలపొడి కలిపి, అరగంట ఆగి టీకా కలపాలి. కోళ్లను గంట, గంటన్నర దాహంతో ఉంచాలి, ఎండాకాలంలో ఇంకా తక్కువ. రెండు గంటల్లో తాగడం అయిపోవాలి. నీళ్ల తొట్లు చాలకపోతే బలమైనవి తాగేస్తాయి, బక్కవి మిగిలిపోతాయి. జబ్బు ఆ బక్కవాటితోనే మొదలవుతుంది.

డిగ్రీ చేతికొచ్చాక రాష్ట్ర పశువైద్య మండలిలో పేరు నమోదు చేయించుకోవాలి. నమోదు లేనిదే వైద్యం చేయడానికి చట్టం ఒప్పదు. డిప్లొమా చదివినవాళ్లు పశువైద్యుడి పర్యవేక్షణలో చిన్న చికిత్సలకే పరిమితం. హ్యాచరీలు, దాణా మిల్లులు, టీకా కంపెనీలు, ప్రభుత్వ శాఖ అన్నిచోట్లా కొలువులున్నాయి. చేరే ముందు కాలేజీ షెడ్డులో ఒక పూట నిలబడి చూడండి. ఆ వాసన, ఆ దుమ్ము, తెల్లవారుజామున నాలుగింటికి లేవడం ఒంటికి సరిపడతాయో లేదో అక్కడే తెలిసిపోతుంది. నమస్కారం.