తెగిన నరంలో జరిగేది

అందరికీ నమస్కారం. ఒక్కసారి మోచేతి లోపలివైపు, ఎముక వెనక తడిమి చూడండి. తాడులాగా వేలి కింద జారేదే నరం. గుమ్మానికి తగిలితే చిటికెన వేలిదాకా జివ్వుమనేది అదే. అది అక్కడ తెగిందనుకోండి, అవతలి ముక్క ఏమవుతుంది?

1850లో అగస్టస్ వాలర్ అనే శాస్త్రవేత్త కప్ప నాలుక నరాలు కోసి, ఆ ముక్క చితికిపోవడం చూశాడు. నాడీకణం నుంచి పోషణ అందక చచ్చిపోతుందని చాలాకాలం అనుకున్నారు. 1989లో ఆక్స్‌ఫర్డ్‌లో ఒక వింత ఎలుకల జాతి బయటపడింది. మామూలు ఎలుకలో ఒకటి రెండు రోజుల్లో పాడయ్యే తెగిన నరం, వీటిలో రెండు వారాలైనా పనిచేస్తూనే ఉంది! పోషణ రెంటికీ అందడం లేదు. మరి తేడా ఎక్కడ?

తేడా ఎంజైముల్లో ఉంది. నరపు పోగులో, శక్తి తయారీకి కావలసిన ఎన్‌ఏడీ అనే పదార్థాన్ని తయారుచేసే ఎన్‌మ్నాట్2 ఉంటుంది. దాని ఆయుష్షు గంటల్లోనే. వెన్నుపాములోనో దాని పక్కనో ఉండే కణం నుంచి ఎప్పటికప్పుడు కొత్తది రావాలి. నరం తెగితే ఆ రాక ఆగిపోతుంది. అప్పటిదాకా నిద్రలో ఉన్న సార్మ్1 అనే ప్రోటీన్ లేచి, మిగిలిన ఎన్‌ఏడీని విరిచేస్తుంది. సార్మ్1 స్వయంగా ఎంజైమేనని తేలింది 2017లోనే. ఇక కణానికి శక్తినిచ్చే ఏటీపీ పడిపోతుంది. మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు తోటి శాస్త్రవేత్త ఫిస్కేతో కలిసి 1929లో వెల్లడించిన ఏటీపీయే ఇది. తర్వాత కాల్షియం లోపలికి చొరబడి, కాల్పైన్ అనే ఎంజైమ్ పోగును లోపల నిలబెట్టే అస్థిపంజరం లాంటి కట్టడాన్ని కోసేస్తుంది. అంటే ఆ పోగు ఆకలితో చావడం లేదు, తనను తానే కూల్చుకుంటోంది.

ఇటువైపు కణం మాత్రం పని మార్చుకుంటుంది. కండరానికి కబురు పంపే ఎసిటైల్‌కోలిన్‌ను తయారుచేసే ఎంజైమ్, దాన్ని విరిచే ఎంజైమ్ రెండూ తగ్గుతాయి. కొత్త పోగు కట్టడానికి సరుకు సమకూర్చే గ్లూకోజ్-6-ఫాస్ఫేట్ డీహైడ్రోజినేజ్ పెరుగుతుంది. కుట్టు బాగా పడితే పోగు రోజుకి సుమారు ఒక మిల్లీమీటరు పెరుగుతుంది. మోచేతి నుంచి అరచేయి 30 సెంటీమీటర్లనుకుంటే, 300 రోజులు.

తెగిన నరంలో సార్మ్1ను ఆపినంత మాత్రాన సరిపోదు. పాత చెత్త పోతేనే కొత్త పోగుకి దారి. నాకు ఆశ ఉన్నది నరం తెగకుండానే పాడయ్యే జబ్బుల మీద. మన పెరట్లో పూసే బిళ్ళగన్నేరు నుంచి తీసే క్యాన్సర్ మందు వింక్రిస్టిన్‌తో చాలామందికి కాళ్లు తిమ్మిరెక్కుతాయి. సార్మ్1 లేని ఎలుకలకు అదే మందు ఇచ్చారు. వాటి నరాలు నిలిచాయి.