జులైలో వేసే ఓటు, డిసెంబరులో తేలే లెక్క

సభకు నమస్కారం. ఇది 2025 ఆగస్టు, కొత్త సీజన్ ఇంకా మొదలు కాలేదు. అరిజోనా స్టేట్ యూనివర్సిటీలో చదువుకోవడానికి ఈ మధ్యే టెంపీ చేరుకున్న మన విద్యార్థులకు స్వాగతం. క్రికెట్ చూస్తూ పెరిగిన మీకు ఇక్కడి కాలేజీ ఫుట్‌బాల్, అంటే బంతిని చేత్తో విసిరి, పట్టుకుని పరిగెత్తే అమెరికన్ ఆట, మొదట్లో అయోమయంగా ఉంటుంది. నియమాలు నాలుగు ఆటలు చూస్తే వచ్చేస్తాయి. ఈ సాయంత్రం నేను మాట్లాడదలచుకున్నది సీజన్ మొదలు కాకముందే చెప్పే జోస్యాల గురించి. వాటిని ఎంతవరకు నమ్మాలి, అసలు ఎలా చెప్పాలి అన్నది నాకు ఎంతో ఇష్టమైన విషయం. దానికి మన విశ్వవిద్యాలయాన్ని మించిన ఉదాహరణ లేదు.

అరిజోనా స్టేట్ ఆడేది బిగ్ 12 కాన్ఫరెన్స్‌లో. కాన్ఫరెన్స్ అంటే తమలో తాము ఆడుకుని ఒక టైటిల్ కోసం పోటీపడే విశ్వవిద్యాలయ జట్ల కూటమి. పేరులో 12 ఉన్నా 2024 నుంచి అందులో 16 జట్లు. అరిజోనా, అరిజోనా స్టేట్, కొలరాడో, యూటా ఆ ఏడాదే పసిఫిక్ తీరపు కాన్ఫరెన్స్‌ను వదిలి వచ్చాయి. ఒక్కో జట్టు కాన్ఫరెన్స్ లోపల తొమ్మిది ఆటలు ఆడుతుంది. అంటే 15 మంది ప్రత్యర్థుల్లో ఆరుగురు అసలు ఎదురే పడరు. చివరికి పైన నిలిచిన రెండు జట్లు టెక్సస్‌లోని ఆర్లింగ్టన్‌లో టైటిల్ కోసం తలపడతాయి.

ఇప్పుడు 2024 జులైకి వెళ్దాం. ఈ కాన్ఫరెన్స్ ఆటల గురించి రాసే విలేకరులు జట్లకు వరుసగా స్థానాలు ఇస్తూ ఓటు వేశారు. మొదటి స్థానానికి 16 పాయింట్లు, చివరి స్థానానికి ఒకటి. 61 ఓట్లు పడ్డాయి. యూటాకు 906 పాయింట్లు, కాన్సాస్ స్టేట్‌కు 889, ఓక్లహోమా స్టేట్‌కు 829. ఆ తర్వాత కాన్సాస్, అరిజోనా. అట్టడుగున, 16వ స్థానంలో, 141 పాయింట్లతో అరిజోనా స్టేట్. 141ని 61తో భాగించి చూడండి: ఒక్కో ఓటుకు రెండు పాయింట్ల పైచిలుకు. ఇది ఎవరో ఒకరిద్దరి చిన్నచూపు వల్ల వచ్చిన స్థానం కాదు. దాదాపు అందరూ ఒకే మాట మీద ఉన్నారు.

నవంబరు ముగిసేసరికి నాలుగు జట్లు ఏడు గెలుపులు, రెండు ఓటములతో సమానంగా పైన నిలిచాయి: అరిజోనా స్టేట్, అయోవా స్టేట్, బ్రిగమ్ యంగ్, కొలరాడో. జులై ఓట్లలో వాటి స్థానాలు వరుసగా 16, 6, 13, 11. మొదటి ఐదు స్థానాలు దక్కించుకున్న జట్లలో నాలుగు మొత్తం సీజన్‌లో ఆరు ఆటలైనా గెలవలేకపోయాయి. మూడో స్థానం ఇచ్చిన ఓక్లహోమా స్టేట్ కాన్ఫరెన్స్‌లో ఖాతానే తెరవలేదు. తొమ్మిదికి తొమ్మిదీ ఓడింది. డిసెంబరు 7న ఆర్లింగ్టన్‌లో అరిజోనా స్టేట్ 45-19 తేడాతో అయోవా స్టేట్‌ను చిత్తు చేసి కప్పు ఎత్తింది.

ఆ 61 మందిని అజ్ఞానులని కొట్టిపారేయడం సులువు, కానీ అన్యాయం. వాళ్లకు ఆట తెలుసు. వాళ్ల చేతిలో ఉన్న సమాచారం నిన్నటిది, అంతే. ఓక్లహోమా స్టేట్‌నే తీసుకోండి. 2023లో టైటిల్ పోరుకు వెళ్లిన జట్టు, దేశంలోకెల్లా మేటి రన్నింగ్ బ్యాక్‌గా (బంతి పట్టుకుని పరిగెత్తే ఆటగాడు) అవార్డు అందుకున్న ఆలీ గోర్డన్ సహా చాలామంది పాత ఆటగాళ్లతోనే తిరిగొచ్చింది. ఎవరికైనా అది బలంగానే కనిపిస్తుంది. యూటా మీద నమ్మకమంతా క్వార్టర్‌బ్యాక్, అంటే బంతి విసిరి దాడిని నడిపించే ఆటగాడు, క్యామ్ రైజింగ్ మీద ఆధారపడింది. మోకాలి గాయంతో అతను 2023 సీజన్ మొత్తం ఆడలేదు. 2024లో తిరిగొచ్చి రెండో ఆటలోనే చేతికి దెబ్బ తగిలించుకున్నాడు. కోలుకుని అక్టోబరు 11న టెంపీలో బరిలోకి దిగితే ఈసారి కాలికి గాయం. సీజన్ అక్కడితో సరి. ఆ రాత్రి అరిజోనా స్టేట్ 27-19తో గెలిచింది. ఒక్క మనిషి శరీరం మీద 906 పాయింట్ల భారం మోపారన్నమాట.

అరిజోనా స్టేట్ విషయంలో వాళ్లు చూసింది 2023 నాటి మూడు గెలుపులు, తొమ్మిది ఓటములు. ఆ ఏడాది గాయాలతో జట్టు కుదేలైన సంగతి పట్టికలో కనిపించదు. కొత్త క్వార్టర్‌బ్యాక్ శామ్ లెవిట్ మిషిగన్ స్టేట్ నుంచి వచ్చాడు. అతని మీద ఎవరికీ పెద్దగా అంచనాల్లేవు. శాక్రమెంటో స్టేట్ నుంచి అంతకు ముందే వచ్చిన రన్నింగ్ బ్యాక్ క్యామ్ స్కాటెబో 2024 సీజన్‌లో బంతితో 1,711 గజాలు పరిగెత్తాడు. 2021లో కాలేజీ క్రీడలను నడిపే సంస్థ ఎన్‌సీఏఏ ఆటగాళ్లకు ఒకసారి స్వేచ్ఛగా విశ్వవిద్యాలయం మారే వీలు కల్పించింది. 2024లో ఆ పరిమితి కూడా తీసేసింది. ఇప్పుడు ఒక్క శీతాకాలంలో సగం జట్టు మారిపోవచ్చు. అలాంటప్పుడు నిరుటి పట్టికను ముందు పెట్టుకుని స్థానాలు ఇవ్వడం అంటే జట్టు చొక్కాకు ఓటు వేయడమే, లోపలి మనుషులకు కాదు.

ఇంకో మాట కూడా నిజాయితీగా చెప్పుకోవాలి. 2024లో మన జట్టు గెలిచిన ఆటల్లో ఆరింటిలో తేడా ఎనిమిది పాయింట్లు లేదా అంతకంటే తక్కువ. నవంబరు 23న టెంపీలో బ్రిగమ్ యంగ్‌తో ఆట గుర్తు తెచ్చుకోండి. 28-23తో మనం ఆధిక్యంలో ఉన్నాం. సమయం గడిచిపోవాలని లెవిట్ బంతిని ఎత్తుగా గీత బయటికి విసిరాడు. గడియారం సున్నాకు చేరింది. విద్యార్థులు వేల సంఖ్యలో మైదానంలోకి దూకేశారు. అప్పుడు అంపైర్లు వీడియో చూసి ఇంకా ఒక్క సెకను మిగిలి ఉందని తేల్చారు. అంతమందినీ బయటికి పంపి, మైదానం ఖాళీ చేయించి, ఆ సెకను ఆడించారు. బ్రిగమ్ యంగ్ క్వార్టర్‌బ్యాక్ విసిరిన పొడవాటి బంతిని వాళ్ల ఆటగాడు పట్టనే పట్టాడు, గోల్ గీతకు కాస్త ముందు దొరికిపోయాడు. ఇంకొన్ని గజాలు ముందుకు పడి ఉంటే ఆ సాయంత్రం ఓడిపోయేవాళ్లం. ఆర్లింగ్టన్ ప్రయాణమే అనుమానంలో పడేది.

అందుకే ఒక్కో జట్టుకు ఒక్కో అంకె తగిలించే పద్ధతి నాకు నచ్చదు. ‘16వ స్థానం’ అన్న మాటలో అవకాశానికి చోటు లేదు. ‘ఈ జట్టు టైటిల్ గెలవడానికి ఇరవైలో ఒక వంతు అవకాశం ఉంది, గాయాలు తగ్గితే పదిలో ఒక వంతు’ అని ఒక విలేకరి 2024 జులైలో రాసి ఉంటే అది గొప్ప జోస్యం అయ్యేది.

ఈ జులైలో బిగ్ 12 ఓటింగే మానేసింది. జులైలో పడిన ముద్ర ప్లేఆఫ్ (జాతీయ టైటిల్ కోసం జరిగే చివరి పోటీలు) ఎంపిక దాకా జట్టును వెంటాడుతుందన్న వాదన ఉంది, అందులో కొంత నిజం లేకపోలేదు. అయినా మానేయడం నాకు బాధ కలిగించింది. జోస్యం లేకపోతే 2024 సీజన్ ఎంత అద్భుతమో మనకు కొలిచి చూసుకునే దారే ఉండేది కాదు. దక్షిణాది జట్ల కాన్ఫరెన్స్ ఎస్‌ఈసీ 1992 నుంచీ ఓటింగ్ కొనసాగిస్తూనే ఉంది. అక్కడ విజేతను సరిగ్గా ఊహించింది మూడింట ఒక వంతు సార్లే. నిరుడు అక్కడ చివరి స్థానం ఇచ్చిన వాండర్‌బిల్ట్, దేశంలో నంబర్ వన్‌గా ఉన్న అలబామాను 40-35తో ఓడించింది. అయినా వాళ్లు మానలేదు.

మరి ఈ 2025కు నా మాట? ముందు నేను చూసేది క్వార్టర్‌బ్యాక్‌ను కాపాడే ముందు వరుసను. ఆ తర్వాత క్వార్టర్‌బ్యాక్, అతను పడిపోతే దిగేవాడు. చివరగా కష్టమైన ఆటలు ఎక్కడ, ఎవరి ఊళ్లో అన్నది. ఈ లెక్కన టెక్సస్ టెక్ ముందుంటుంది. గడిచిన శీతాకాలంలో ఇతర విశ్వవిద్యాలయాల నుంచి తెచ్చుకున్న బలమైన ఆటగాళ్లతో దాడిలోనూ రక్షణలోనూ ముందు వరుసలను కొత్తగా కట్టుకుంది. టైటిల్ గెలవడానికి దానికి నాలుగింట ఒక వంతు అవకాశం ఇస్తాను. మన జట్టుకు లెవిట్, అతను విసిరే బంతిని అందుకునే రిసీవర్ జోర్డిన్ టైసన్ ఉన్నారు, కానీ స్కాటెబో ప్రొఫెషనల్ జట్టు న్యూయార్క్ జెయింట్స్‌కు వెళ్లిపోయాడు. ఆరు దగ్గరి గెలుపులు మళ్లీ అన్నీ మనవైపే వస్తాయని లెక్కలో వేసుకోను. అరిజోనా స్టేట్‌కు ఆరింట ఒక వంతు. అక్టోబరు 18న టెక్సస్ టెక్ టెంపీకే వస్తోంది కాబట్టి ఈ రెండు అంకెలూ ఆ రోజు పరీక్షకు నిలుస్తాయి.

మీ కుర్చీల మీద తలా ఒక కాగితం ఉంది. టైటిల్ పోరుకు చేరతాయనుకునే రెండు జట్ల పేర్లు, పక్కనే అవకాశం ఎంతో, దానికి కారణం ఒక్క వాక్యంలో రాయండి. ఈ నెల 23న డబ్లిన్‌లో కాన్సాస్ స్టేట్, అయోవా స్టేట్ మొదటి ఆట ఆడతాయి. ఆలోగా తలుపు దగ్గరున్న పెట్టెలో వేయండి. టైటిల్ పోరు డిసెంబరు 6న. మరుసటి ఆదివారం ఇదే హాల్లో వాటన్నింటినీ పైకి చదువుదాం.