ఆర్వీ బయటి చిన్న అరలు: ఏది కొనాలి, ఏది అక్కర్లేదు

నమస్కారం. ఆర్వీ, అంటే లోపలే పడుకుని వండుకునే వీలున్న ప్రయాణపు బండి. దాని పక్కల కిందివైపు చిన్న చిన్న తలుపులుంటాయి కదా, ఈ వీడియో వాటి వెనకున్న అరల గురించి. అడుగు ఎత్తు, రెండడుగుల వెడల్పు, కొన్నిటిలో సగం చోటు టైరు మీది ఉబ్బే మింగేస్తుంది. ఈ అరల కోసమని అమ్మే డబ్బాలు, జారే ట్రేలు, లైట్లు, తాళాలు బోలెడు. ఏవి పనికొస్తాయో, ఏవి డబ్బు దండగో చూద్దాం. ఒక్క షరతు: అరలోకి నీళ్లు రావడం ఆగేదాకా డబ్బాల జోలికి పోవద్దు.

అందుకే ముందు సీలు, అంటే తలుపు అంచున నీళ్లు ఆపే రబ్బరు పట్టీ. సన్నటి కాగితం ముక్క తలుపుకీ ఫ్రేముకీ మధ్య పెట్టి మూసి, తాళం తిప్పి లాగండి. కాస్త పట్టుకుని వస్తే సీలు బాగున్నట్టు. జర్రున జారి వచ్చేస్తే ఆ చోట రబ్బరు ఒత్తుకోవట్లేదు. నాలుగు మూలలూ ఇలాగే చూడండి. తర్వాత నీళ్ల పైపుతో పరీక్ష. ప్రెషర్ వద్దు, సన్నటి ధార చాలు. కింది అంచుతో మొదలుపెట్టి మెల్లగా పైకి వెళ్లండి. పైనుంచి పోస్తే తలుపంతా తడిసిపోతుంది, ఎక్కడ కారుతోందో తెలీదు. కింద తడి లేకుండా పై అంచు దగ్గర ధార పట్టగానే లోపలికొస్తే, తప్పు రబ్బరుది కాకపోవచ్చు. ఫ్రేము అంచు వెనక వేసే బ్యూటిల్ టేపు (నీళ్లు ఆపే మెత్తటి జిగురు పట్టీ) ఎండిపోయి ఉంటుంది. అప్పుడు ఫ్రేము స్క్రూలు తీసి, పాత టేపు గీకేసి, కొత్తది వేయాల్సిందే. పైపైన సిలికాన్ పూస్తే కొన్నాళ్లు ఆగుతుంది, తర్వాత దాన్ని వదిలించడమే పెద్ద పని. ఇంకోటి, కొన్ని ఫ్రేముల కింది అంచులో చిన్న రంధ్రాలుంటాయి. అవి చేరిన నీళ్లు బయటికి పోవడానికి. వాటిని మూసేస్తే ఆ నీళ్లు లోపలే నిలుస్తాయి.

సీలు మార్చాలంటే, అంటించే మెత్తటి ఫోమ్ స్ట్రిప్పులు కొనకండి. కొద్దికాలానికే అణిగిపోయి మళ్లీ లేవవు, పైగా నీళ్లు పీల్చుకుంటాయి. మధ్యలో బోలుగా ఉండే ఈపీడీఎం, అంటే ఎండావానా తట్టుకునే రకం రబ్బరు సీలే తీసుకోండి. ఎంత మందం? బంకమన్ను చిన్న ఉండ ప్లాస్టిక్ కవర్లో చుట్టి, తలుపుకీ ఫ్రేముకీ మధ్య పెట్టి మూయండి. ఉండ ఎంతకు అణిగిందో కొలిచి, దానికి మూడోవంతు ఎక్కువ ఎత్తున్న సీలు తీసుకుంటే సరిపోతుంది. మరీ లావుది వేస్తే తాళం తిరగదు, బలవంతం చేస్తే పల్చటి తలుపు వంగుతుంది. అంటించేటప్పుడు సాగదీయకండి. సాగిన రబ్బరు తర్వాత ముడుచుకుని మూలల్లో సందు వదులుతుంది. రెండు కొసలు కలిసే చోటు కింది అంచు మధ్యలో ఉండాలి, పైన కాదు.

ఇప్పుడు తాళాలు. చాలా ఆర్వీలకు ఫ్యాక్టరీ నుంచి వచ్చే తాళంచెవి ఒకటే, సీహెచ్ 751 అని దాని మీదే ఉంటుంది. మీ చెవితో పక్కవాళ్ల అర తెరుచుకుంటుంది, వాళ్ల చెవితో మీదీ. గుండ్రటి చెవి ఉండే క్యామ్ తాళాలకు (చెవి తిప్పితే లోపలి నాలుక తిరిగి తలుపుని పట్టేవి) మార్చుకోండి, ఇది మాత్రం కొనదగ్గ వస్తువే. రంధ్రం చాలావరకు ముప్పావు అంగుళం. చూసుకోవాల్సింది తాళం పొడవు: 5/8, 7/8, 1-1/8 అంగుళాల్లో దొరుకుతాయి. పాతది ఊడదీసి కొలిచాకే ఆర్డర్ పెట్టండి. పొడవెక్కువైతే లోపలి నాలుక తలుపుని గట్టిగా లాగి పట్టదు, సీలు ఒత్తుకోదు, మట్టి రోడ్డెక్కగానే అరంతా దుమ్ము. కాబట్టి కొత్త తాళం బిగించాక కాగితం పరీక్ష మళ్లీ చేయండి. అయితే ఎంత మంచి తాళం వేసినా తలుపు పల్చటిదే, స్క్రూడ్రైవర్‌తో పెకిలిస్తే వచ్చేస్తుంది. విలువైన వస్తువులు ఇక్కడ పెట్టొద్దు.

ఇక డబ్బాలు. అందరూ అర లోపల కొలిచి డబ్బా కొంటారు. కొలవాల్సింది తలుపు సందు. తలుపు బయటికి 60 సెంటీమీటర్లున్నా, ఫ్రేము అంచులు, సీలు పోను సందు 54, 55 దగ్గర ఆగొచ్చు. డబ్బా కొలత కూడా అడుగున కాదు, మూత అంచు దగ్గర తీసుకోండి, అక్కడే ఎక్కువ వెడల్పు. చుట్టూ రెండు సెంటీమీటర్లు వదులుంటేనే చెయ్యి దూరుతుంది. ఎత్తు తక్కువున్న అరకు మూత డబ్బా వద్దు. మూత తీయాలంటే డబ్బా మొత్తం బయటికి లాగాలి, రెండోసారికే విసుగొచ్చి మూత ఇంకెక్కడో పడేస్తారు. తడి సామానుకి చిల్లుల బుట్ట. టైరు ఉబ్బున్న అరకు గట్టి డబ్బా ఏదీ కుదరదు, కాన్వాస్ సంచీ అయితే ఆ ఒంపుకి తగ్గట్టు ఒదుగుతుంది.

కింద కార్పెట్ ఉంటే పీకేయండి, తడి పట్టి ఉంచేది అదే. చిల్లులున్న ప్లాస్టిక్ పలకలు పరిస్తే సామాను కింద గాలాడుతుంది.

జారే ట్రేలు చూడ్డానికి బాగుంటాయి. కానీ పట్టాలు ఒక్కోవైపు 12.7 మిల్లీమీటర్లు, అంటే అసలే ఇరుకైన సందులో రెండున్నర సెంటీమీటర్లు వాటికే పోతాయి. అర లోతు 60 సెంటీమీటర్ల లోపయితే చెయ్యి చివరిదాకా అందుతుంది, ట్రే దండగ. అంతకన్నా లోతైతే తీసుకోండి, కానీ మూసినప్పుడు లాక్ పడే పట్టాలే తీసుకోండి. లేదంటే మలుపులో ట్రే వచ్చి తలుపుని గుద్దుతుంది. ఇంకా, అర గోడ చాలాచోట్ల మూడు మిల్లీమీటర్ల ప్లైవుడ్డే, స్క్రూ నిలవదు. 12 మిల్లీమీటర్ల చెక్క పలక జిగురుతో అంటించి, స్క్రూలు దానికే వేయండి. ముందు గోడ వెనక వైర్లో, నీళ్ల ట్యాంకో ఉందేమో చూసుకోండి.

ఏ అరలో ఏం పెట్టాలి? ఒక అర, ఒక పని. మంచినీళ్ల పైపు, ఫిల్టరు, ప్రెషర్ రెగ్యులేటర్ ఒకచోట, నీళ్ల కనెక్షన్‌కి దగ్గరగా. పైపులో నీళ్లు వంచేసి, రెండు కొసలూ ఒకదానికొకటి బిగిస్తే పురుగూ దుమ్మూ దూరవు. మురుగు పైపు, గ్లవ్స్ వేరే అరలోనే. ఈ రెండిటికీ కలిపి ఒకే అర ఉంటే, మురుగు పైపుని మూతలున్న గొట్టంలో పెట్టి బండి కిందో బంపర్ మీదో కట్టండి, మంచినీళ్ల పక్కన మాత్రం వద్దు. చక్రాలకు అడ్డం పెట్టే దిమ్మలు, బండి సమంగా నిలవడానికి చక్రాల కింద వేసే లెవెలింగ్ పలకలు బండి ఆగగానే కావాలి. వాటిని స్లయిడ్‌అవుట్ (బండి ఆగాక బయటికి జరిపే గది భాగం) కిందున్న అరలో పెట్టకండి. అది బయటికొస్తే పైకి తెరుచుకునే తలుపు దానికే తగిలి ఆగిపోతుంది.

పెట్రోలు డబ్బా, విడి గ్యాస్ సిలిండర్ ఈ అరల్లోకి రాకూడదు. ఆ సిలిండర్‌లో ఉండే ప్రొపేన్ గ్యాస్ గాలికన్నా బరువు, లీకైతే పైకి పోకుండా అడుగునే పేరుకుంటుంది. గ్యాస్ కోసమే కట్టిన అరకు అడుగున వెంట్ ఉండేది అందుకే. దాని ముందు సామాను అడ్డం పెట్టొద్దు, దాని గోడకు రంధ్రం వేయొద్దు. బ్యాటరీ ఉన్న అరలో స్పానర్లు వదిలేస్తే టెర్మినల్స్ మీద పడి షార్ట్ అవుతుంది. స్ప్రే డబ్బాలు కూడా వద్దు. వాటి మీద 50 డిగ్రీలు దాటకూడదని రాసుంటుంది, ఎండలో మూసిన అర ఆ వేడికి చేరగలదు.

లైట్ల గురించి పెద్దగా చెప్పేదేం లేదు. అయస్కాంతం లైటు అల్యూమినియానికీ ఫైబర్‌కీ అతకదు, చిన్న ఇనుప పలక అంటించాలి. తలుపు తెరిస్తే వెలిగే స్విచ్ రకం మేలు, కదలికకు వెలిగేవి ప్రయాణంలో ఊరికే వెలిగి సెల్స్ తినేస్తాయి. తలుపుని పైకి పట్టుంచే ప్లాస్టిక్ క్లిప్పులు ఎండకు పెళుసెక్కి విరుగుతాయి, అయస్కాంతం క్యాచ్‌లు వేసుకోండి. వైర్లు దూరే రంధ్రాల్లో రాగి జాలీ కుక్కండి. ఉత్త ఫోమ్ అయితే ఎలుకలు కొరికేస్తాయి, ఇనుప పీచు తుప్పు పడుతుంది.

అన్నీ సర్దాక బండిని తూకం వేయించండి. మీది వేరే బండితో లాగే ట్రైలర్ అయితే హిచ్ (ట్రైలర్‌ని ముందు బండికి తగిలించే చోటు) మీద పడే బరువు మొత్తం బరువులో 10 నుంచి 15 శాతం ఉండాలి. 3,000 కిలోల ట్రైలర్‌కి అది 300 నుంచి 450 కిలోలు. చిన్న అరలే కదా అని వెనకవైపు పనిముట్లు, దిమ్మలు, జాకులు నింపుతూ పోతే ఆ లెక్క 10 కిందకి జారి, రోడ్డు మీద ట్రైలర్ తోక ఊపడం మొదలవుతుంది. అలా తగ్గితే ముందు కదిలించాల్సింది జాకులు, దిమ్మలు. వాటిని ఇరుసుకి ముందున్న అరలోకి మార్చి, హిచ్ బరువు మళ్లీ కొలవండి.