వంకాయ మీద చెరకు పానకం పోశారు! నెర్హా, ఫ్రిహిలియానా వ్లాగ్

నమస్తే అండీ అందరికీ. మా పిన్ని ఫోన్ చేసినప్పుడల్లా "నువ్వు తిరిగే ఊళ్లు మాకూ చూపించవే" అంటోంది. పిన్నీ, ఈ వీడియో నీకోసమే.

మేముండేది జర్మనీలో, స్టుట్‌గార్ట్ దగ్గర. ఈ ఫిబ్రవరిలో మాకు ఎండ మొహం చూసి మూడు వారాలైంది. అందుకే నాలుగు రోజులు సెలవు పెట్టి స్పెయిన్ దక్షిణ తీరానికి వచ్చేశాం. మలాగాలో విమానం దిగి, బస్సులో తూర్పుగా గంటకు పైగా వస్తే ఈ ఊరు, నెర్హా.

ఇప్పుడు మీరు చూస్తున్నది బాల్కన్ దె యూరోపా, అంటే యూరప్ బాల్కనీ. సముద్రంలోకి పొడుచుకొచ్చిన కొండరాతి మీద పెద్ద అరుగు అనుకోండి. 1884 డిసెంబర్‌లో భూకంపం వచ్చి ఈ చుట్టుపక్కల ఊళ్లు కూలిపోతే, రాజు పన్నెండో అల్ఫోన్సో చూడటానికి వచ్చాడట. ఆ పేరు ఆయనే పెట్టాడని చెప్తారు. ఆయన విగ్రహం పక్కన ఫోటో కోసం జనం ఎలా నిలబడ్డారో చూడండి.

అసలు ఈరోజు ప్లాన్ నెర్హా గుహలు. 1959లో గబ్బిలాల కోసం వెళ్లిన ఐదుగురు కుర్రాళ్లు కనిపెట్టిన గుహలవి. కానీ మధ్యాహ్నం భోజనం దగ్గరే ప్లాన్ మారిపోయింది. బీచ్‌లో ఇసుక నింపిన పాత పడవలో నిప్పులు వేసి, చువ్వకి గుచ్చిన సార్డీన్ చేపలు కాలుస్తున్నారు. మా ఆయనకి అవి. నేను శాకాహారం ఏముందంటే వంకాయ తెచ్చారు. సన్నగా తరిగి, పిండిలో దొర్లించి, కరకరలాడేలా వేయించి, పైన నల్లటి పాకం పోశారు. ప్లేటు తొమ్మిది యూరోలు. యూరో వంద రూపాయల లెక్కన తొమ్మిది వందలు! నాలుగు వంకాయ ముక్కలకి ఇంతా అనుకుంటూనే ఒకటి నోట్లో పెట్టుకున్నాను.

అండీ, అది చెరకు పానకం. దిబ్బరొట్టెలో ముంచుకు తింటామే, అదే. మనదానికన్నా నల్లగా ఉంది, చివర్లో చిన్న చేదు తగిలింది, అంతే తేడా. మాది అనకాపల్లి దగ్గర. బెల్లం పెనం దగ్గర పెరిగినదాన్ని, ఆ వాసన నాకు తెలియకపోవడమేమిటి!

ఇది ఎక్కడిదని అడిగితే వెయిటర్ కొండవైపు చూపించాడు. గుహలు వదిలేసి ఫ్రిహిలియానా బస్సెక్కేశాం. ఆరు కిలోమీటర్లే, అంతా ఎక్కుడు. ఊరు మొత్తం తెల్లటి సున్నం. సంక్రాంతికి ముందు మన ఇళ్లకి వేస్తామే, వీళ్లకి ఏడాది పొడవునా అదే తెలుపు. మెట్ల దారుల్లో గోడలకి పలకలు అంటించి ఊరి కథ రాశారు. 1569లో ఇక్కడి మోరిస్కోలు, అంటే బలవంతంగా మతం మార్పించిన ముస్లింలు, రాజు మీద తిరగబడి ఈ కొండ మీద పోరాడి ఓడిపోయారట.

చెరకుని ఈ దేశానికి తెచ్చింది కూడా వెయ్యేళ్ల కిందటి అరబ్బులే. వీళ్లు చక్కెరని అసూకర్ అంటారు. అది అరబ్బీ మీదుగా వచ్చిన మన శర్కరే! ఊరి మొదట్లో పాత ప్రభువుల భవనం ఉంది, అందులోనే పానకం ఫ్యాక్టరీ. చుట్టూ ఎంత వెతికినా చెరకు తోట మాత్రం కనపడలేదు. ఈ తీరంలో చివరి చక్కెర మిల్లు 2006లో మూతపడింది. ఇప్పుడు ఎటు చూసినా అవకాడో, మామిడి తోటలే. మా పొలంలోనూ నాన్న చెరకు తీసేసి సరుగుడు వేశాడు. ఇక్కడ కొండ మీద నిలబడి అదే గుర్తొచ్చింది.

కొట్లన్నీ మూసున్నాయి. ఇక్కడ మధ్యాహ్నం రెండు నుంచి ఐదు వరకూ చాలా కొట్లు తెరవరు. అంత దూరం వచ్చి ఖాళీ చేతులతో వెళ్లాలేమోనని టెన్షన్. మెట్ల మీదే కూర్చున్నాం. ఐదు దాటాక ఒక ముసలావిడ తలుపు తీసింది. సీసా ఐదు యూరోలు, అంటే ఐదు వందలు.

వెంటనే నాన్నకి వీడియో కాల్ చేశాను. ఇంటి దగ్గర రాత్రి పదైంది, అయినా ఎత్తాడు.

"ఏటమ్మా, వంకాయకి పానకమా?" అన్నాడు ముందు. తర్వాత, "ఆ సీసా కొంచెం వంచు" అన్నాడు.

వంచాను. పాకం గోడ పట్టుకుని మెల్లగా జారింది. నాన్న ఫోన్ దగ్గరికి జరిగి, కళ్లజోడు పెట్టుకుని చూశాడు.

"బాగా మరగబెట్టారు. పొయ్యిలో పిప్పే వేస్తారా?"

తెలీదు నాన్నా అన్నాను.

"కనుక్కో. వచ్చేటప్పుడు నాకో సీసా పట్రా" అన్నాడు.

ఆ కొట్టు మూసేలోపు ఇంకో రెండు తీసుకుని వస్తాను. కెమెరా మా ఆయన పట్టుకుంటారు, ఉండండి.