కోల్ట్ 1911: పాత సిరీస్ 70 కొనాలా, సిరీస్ 80 కొనాలా?

[తెర మీద: నల్ల రబ్బరు చాప. దాని మీద పక్కపక్కనే రెండు కోల్ట్ 1911 పిస్టళ్లు. మ్యాగజైన్లు తీసేసి ఉన్నాయి, స్లైడ్లు వెనక్కి లాగి లాక్ చేసి ఉన్నాయి.]

అందరికీ నమస్కారం. ఈ రెండు పిస్టళ్లనీ ఒకసారి చూడండి. బయటి నుంచి చూస్తే ఒకే అచ్చులో పోసినట్టు ఉన్నాయి. స్లైడ్, అంటే పైన ముందుకీ వెనక్కీ కదిలే భాగం, దాని పక్కన రాసింది చదివితే గానీ తేడా తెలియదు. ఒకటి సిరీస్ 70, ఇంకోటి సిరీస్ 80. అమెరికాలో సెకండ్ హ్యాండ్ 1911 కోసం వెతికేవాళ్లకి ఎక్కువగా వినపడే సలహా ఒకటే: "70 తీసుకో, ట్రిగ్గర్ బాగుంటుంది." ట్రిగ్గర్ గురించి కూడా మాట్లాడుకుందాం. కానీ నేను ముందు అడగమనేది వేరే ప్రశ్న. తూటా ఎక్కించి ఉన్న పిస్టల్ చెయ్యి జారి కింద పడితే ఏమవుతుంది?

అసలు విషయంలోకి వెళ్లేముందు, అమెరికాలో ఉంటున్న మనవాళ్లకి ఒక మాట. మీరు హెచ్-1బీ, హెచ్-4, ఎఫ్-1 లాంటి వీసా మీద ఉంటే, తుపాకీ గానీ తూటాలు గానీ దగ్గర ఉంచుకోవడం ఫెడరల్ చట్టం ప్రకారం నేరం. రేంజ్‌కి వెళ్లి అద్దెకి తీసుకుని కాల్చడం కూడా ఇందులోకే వస్తుంది. ఫ్రెండ్స్ రమ్మన్నారని వెళ్లిపోకండి. మినహాయింపులు కొన్ని ఉన్నాయి, ఏదైనా రాష్ట్రం ఇచ్చిన, గడువు తీరని హంటింగ్ లైసెన్స్ వాటిలో ఒకటి. గ్రీన్ కార్డు ఉన్నవాళ్లకి ఈ నిషేధం లేదు, అయినా మీ రాష్ట్రం చట్టం విడిగా చూసుకోవాలి. అనుమానం ఉంటే ముందు లాయర్‌ని అడగండి. వీసాతో ఆటలొద్దు.

[తెర మీద: పాత సైనిక పిస్టల్ ఫొటో]

ఈ పిస్టల్ జాన్ బ్రౌనింగ్ డిజైన్. 1911 మార్చి 29న అమెరికా సైన్యం దీన్ని తీసుకుంది. 1985లో బెరెట్టా ఎం9 వచ్చేదాకా ఇదే వాళ్ల ప్రధాన పిస్టల్. .45 తూటా, మ్యాగజైన్‌లో ఏడు, ఖాళీగా ఉన్నప్పుడే బరువు దాదాపు 1.1 కిలోలు.

[క్లోజప్: హ్యామర్, దాని ముందు ఫైరింగ్ పిన్ వెనక కొస]

దీనికి రెండు సేఫ్టీలు ఉన్నాయి. బొటనవేలితో పైకి నెట్టేది థంబ్ సేఫ్టీ, ఇది హ్యామర్, అంటే వెనక ఉండే చిన్న సుత్తి, పడకుండా ఆపుతుంది. పిడి వెనక అరచేతికి తగిలేది గ్రిప్ సేఫ్టీ, ఇది ట్రిగ్గర్‌ని ఆపుతుంది. ఫైరింగ్ పిన్ అంటే హ్యామర్ దెబ్బకి ముందుకెళ్లి తూటాని పేల్చే సన్నటి కడ్డీ. దాన్ని మాత్రం ఈ రెండూ పట్టుకోవు. ఆ పిన్ తన గొట్టంలో చిన్న స్ప్రింగ్ ఆధారంగా ఉంటుంది, అంతే. పిస్టల్ ఎత్తు నుంచి బారెల్ కిందికి ఉండేలా గచ్చు మీద పడిందనుకోండి. పిస్టల్ ఆగిపోతుంది, పిన్ ఆగదు. ఆర్టీసీ బస్సు సడన్ బ్రేక్ వేస్తే నిలబడ్డవాళ్లంతా ముందుకి తూలినట్టు, పిన్ కూడా ముందుకి దూసుకెళ్తుంది. స్ప్రింగ్ బలంగా ఉంటే ఆపుతుంది. పాతబడి మెత్తబడితే పిన్ వెళ్లి ప్రైమర్‌ని, అంటే తూటా అడుగున నిప్పు పుట్టించే భాగాన్ని, కొట్టొచ్చు. రెండు సేఫ్టీలూ వేసి ఉన్నా సరే, వేలు ట్రిగ్గర్ దరిదాపుల్లో లేకపోయినా సరే.

కోల్ట్ వాళ్లకి ఈ సంగతి ముందే తెలుసు. 1930ల చివర్లోనే గ్రిప్ సేఫ్టీకి కలిపి ఒక ఫైరింగ్ పిన్ లాక్ పెట్టారు. రెండో ప్రపంచ యుద్ధంతో అది ఆగిపోయింది. 1970లో సిరీస్ 70 వచ్చినప్పుడు కూడా దాన్ని తిరిగి తేలేదు. అప్పుడు వాళ్ల ధ్యాసంతా గురి మీదే. బారెల్ కొసని నాలుగు స్ప్రింగు వేళ్లతో బిగించి పట్టే కొత్త రకం బుషింగ్ పెట్టారు. గురి బాగానే కుదిరింది గానీ, ఆ వేళ్లలో ఒకటి విరిగితే పిస్టల్ జామ్ అయ్యేది. 1988 నాటికి కోల్ట్ ఆ బుషింగ్‌ని వదిలేసి మామూలు దానికే వచ్చేసింది.

1983లో వచ్చిన సిరీస్ 80లో అసలు మార్పు జరిగింది. ఎలాగో చూపిస్తాను.

[క్లోజప్: చేతులు. మ్యాగజైన్ గూడు ఖాళీ అని చూపించి, ఛాంబర్‌లోకి (బారెల్ వెనక తూటా కూర్చునే చోటు) కంటితో చూసి, వేలు పెట్టి కూడా చూసి, స్లైడ్ విప్పడం]

పిస్టల్ ఖాళీ అని కంటితో ఒకసారి, వేలితో ఒకసారి చూసుకున్నాకే విప్పాలి. తూటాలు ఈ గదిలోనే ఉండకూడదు.

ఇది సిరీస్ 80 స్లైడ్. తిరగేశాను. వెనక భాగంలో గుండ్రంగా, గుండీ అంత కూడా లేని చిన్న ముక్క కనిపిస్తోంది కదా, అదే ప్లంజర్. ఇప్పుడు వెనక నుంచి సన్నటి పంచ్‌తో ఫైరింగ్ పిన్‌ని నెడుతున్నాను. వెళ్లడం లేదు, చూడండి. ఇంకాస్త గట్టిగా నెట్టినా అంతే. ఇప్పుడు వేలితో ప్లంజర్‌ని నొక్కి పట్టి మళ్లీ నెడతాను. అదిగో, పిన్ మొన ముందు వైపు బయటికొచ్చింది.

పిస్టల్ బిగించి ఉన్నప్పుడు ప్లంజర్‌ని నొక్కేది మన వేలు కాదు, ట్రిగ్గరే. ట్రిగ్గర్ పూర్తిగా లాగితే ఫ్రేమ్‌లోని చిన్న లివర్ పైకి లేచి ప్లంజర్‌ని తోస్తుంది, అప్పుడే పిన్‌కి దారి దొరుకుతుంది. ట్రిగ్గర్ లాగకపోతే, పిస్టల్ ఎలా పడినా పిన్ కదలదు. ప్లంజర్, దాని స్ప్రింగ్, రెండు లివర్లు. ఈ నాలుగు చిన్న భాగాల మీదే నలభై ఏళ్లుగా వాదన నడుస్తోంది.

ఇక ట్రిగ్గర్ సంగతి. లివర్లని కూడా కదపాలి కాబట్టి సిరీస్ 80 ట్రిగ్గర్‌లో కొంచెం రాపిడి ఎక్కువే, కాదనను. కానీ ఎంత? అమెరికాలో ఎన్‌ఆర్‌ఏ (నేషనల్ రైఫిల్ అసోసియేషన్) ప్రెసిషన్ పిస్టల్ పోటీల్లో .45కి ట్రిగ్గర్ బరువు కనీసం 3.5 పౌండ్లు, అంటే సుమారు 1.6 కిలోలు ఉండాలి. పనితనం తెలిసిన గన్‌స్మిత్, అంటే తుపాకులు బాగుచేసేవాడు, సిరీస్ 80ని కూడా అక్కడికి తేగలడు. కొత్తగా నేర్చుకునేవాళ్ల గురి తప్పేది ఈ నాలుగు ముక్కల వల్ల కాదు, ట్రిగ్గర్‌ని కుదుపుతో లాగడం వల్ల.

సిరీస్ 70 అనే పేరుతో ఒక తికమక కూడా ఉంది. 2000 తర్వాత కోల్ట్ ఆ పేరుని మళ్లీ తెచ్చింది. వాటిలో పాత వేళ్ల బుషింగ్ లేదు, పిన్ లాక్ కూడా లేదు. మిగతా కంపెనీలది తలో దారి. స్ప్రింగ్‌ఫీల్డ్ ఆర్మరీ లాక్ పెట్టకుండా తేలికైన టైటానియం పిన్, గట్టి స్ప్రింగ్ వాడుతుంది. పిన్ బరువు తగ్గితే దూసుకెళ్లే ఊపు కూడా తగ్గుతుంది. కింబర్ సిరీస్ 2 అయితే 1930ల నాటి గ్రిప్ సేఫ్టీ ఆలోచననే మళ్లీ పైకి తీసింది. కాలిఫోర్నియాలో 2001 నుంచి, డీలర్ల దగ్గర అమ్మే కొత్త పిస్టల్ మోడళ్లు కాంక్రీటు మీద పడేసే పరీక్ష నెగ్గాలి. అంటే ఈ భయం ఊరికే పుట్టింది కాదు.

నా అభిప్రాయం సూటిగా చెప్తాను. రేంజ్‌కి తీసుకెళ్లి, అక్కడే నింపి, అక్కడే ఖాళీ చేసి తెచ్చుకునేదైతే సిరీస్ 70 హాయిగా కొనండి. స్ప్రింగ్ కొత్తది వేయించండి, దాని ఖరీదు చాలా తక్కువ. 1970ల నాటిదైతే బుషింగ్ విప్పించి చూడండి. వేళ్లు ఉన్న రకమైతే గన్‌స్మిత్‌తో మామూలుది వేయించుకోవడం మేలు. నింపి ఒంటి మీద పెట్టుకునేదైనా, ఇంట్లో లాకర్‌లో నింపి ఉంచేదైనా సిరీస్ 80 వైపే నేను మొగ్గుతాను. చిన్న పిల్లలున్న ఇల్లయితే అసలు నింపి ఉంచొద్దు, తూటాలు వేరే తాళంలో పెట్టండి.

[క్లోజప్: ఫ్రేమ్ పైభాగం, లివర్ ఉండే చోటు]

సెకండ్ హ్యాండ్ సిరీస్ 80 కొనేటప్పుడు ఇక్కడ తప్పకుండా చూడాలి. ట్రిగ్గర్ తేలికవుతుందని కొందరు ఆ నాలుగు భాగాలూ తీసేసి, లివర్ల చోటులో ఒక పలచటి రేకు ముక్క పెట్టేస్తారు. పైన రాసింది 80 అనే ఉంటుంది, లోపల లాక్ ఉండదు. అందుకే అమ్మేవాళ్ల ముందే స్లైడ్ విప్పించి, ఇందాకటి పిన్ పరీక్ష చేయించండి. పిన్ మీద ఒకే చోట గీతలు, నొక్కులు కనిపిస్తే లివర్ ప్లంజర్‌ని సరిగ్గా పైకి తొయ్యడం లేదని అనుమానించాలి. భాగాలు లేకపోతే విడిగా కొనుక్కోవచ్చు, కానీ సొంతంగా బిగించొద్దు. గన్‌స్మిత్‌తో పెట్టించి టైమింగ్, అంటే లివర్ సరైన సమయానికి ప్లంజర్‌ని తోస్తోందో లేదో, చూపించుకోండి, ఆ ఖర్చు ధరలో తగ్గించమని అడగండి. విప్పి చూపించడానికి అమ్మేవాళ్లు ఒప్పుకోకపోతే ఆ పిస్టల్ వదిలేయండి.