ప్రధాని కాని పార్టీ అధ్యక్షుడు: యోహెయ్ కోనో రాజకీయ ప్రస్థానం

[తెరపై: టోక్యోలోని పార్లమెంటు భవనం]

నమస్కారం. జపాన్‌లో లిబరల్ డెమోక్రటిక్ పార్టీ 1955లో ఏర్పడినప్పటి నుంచి, దాని అధ్యక్షుడైన వ్యక్తికి ప్రధాని పదవి దక్కినట్టేనన్నది ఆనవాయితీ. అది తొలిసారి తప్పింది యోహెయ్ కోనో విషయంలో. అయినప్పటికీ ఆ దేశ విదేశాంగ విధానంలో ఎందరో ప్రధానుల కంటే ఆయన పేరే ఎక్కువగా ప్రస్తావనకు వస్తోంది.

1937లో జన్మించిన కోనోకు రాజకీయాలు ఇంట్లోనే ఉన్నాయి. తండ్రి ఇచిరో వ్యవసాయ మంత్రిగా పనిచేసిన బలమైన నేత. ఆయన 1965లో మరణించగా, కుమారుడు 1967లో దిగువ సభకు ఎన్నికయ్యారు. వారసుడిగా వచ్చినా, ఆయన పార్టీ గీసిన గీటు దాటకుండా ఉండిపోలేదు. విమానాల కొనుగోలు కోసం లాక్‌హీడ్ సంస్థ ఇచ్చిన లంచాల కుంభకోణం 1976లో బయటపడినప్పుడు, మరో ఐదుగురితో కలిసి బయటికొచ్చి న్యూ లిబరల్ క్లబ్‌ను స్థాపించారు. ఆ ఏడాది డిసెంబరు ఎన్నికల్లో 17 స్థానాలు గెలిచిన ఆ పార్టీ, 1979లో నాలుగింటికి పడిపోయింది. 1985లో నకసోనే సంకీర్ణ మంత్రివర్గంలో శాస్త్ర సాంకేతిక శాఖ చేపట్టిన కోనో, మరుసటి ఏడాది సొంతగూటికి చేరారు.

[తెరపై: 1993 ఆగస్టు 4]

ఇక అసలు ఘట్టానికి వద్దాం. అప్పటికి ఆయన మియజావా ప్రభుత్వంలో మంత్రివర్గ ప్రధాన కార్యదర్శి. మన దగ్గర కేబినెట్ కార్యదర్శి అధికారి. జపాన్‌లో మాత్రం ఆ పదవిలో ఉండేది మంత్రి, ఆయనే ప్రభుత్వ ప్రతినిధి. జులై ఎన్నికల్లో పార్టీ మెజారిటీ కోల్పోయింది, 38 ఏళ్ల ఏకధాటి అధికారం చేజారుతోంది, జులై 30న కోనో పార్టీ అధ్యక్షుడిగా ఎన్నికయ్యారు. మంత్రివర్గం రాజీనామాకు సరిగ్గా ఒక్క రోజు ముందు, రెండో ప్రపంచ యుద్ధకాలపు ‘కంఫర్ట్ విమెన్’పై, అంటే జపాన్ సైనికుల లైంగిక అవసరాల కోసం ప్రత్యేక కేంద్రాల్లో ఉంచిన మహిళలపై, ప్రభుత్వ ప్రకటనను ఆయన వెలువరించారు.

కొరియా మహిళ కిమ్ హాక్ సున్ 1991లో తన గతాన్ని బహిరంగంగా చెప్పడంతో ఈ విషయం ప్రపంచం ముందుకొచ్చింది. ప్రభుత్వం పత్రాలను వెతికించింది, సియోల్‌లో 16 మంది బాధితుల మాటలు విన్నది. సైనికుల కోసం నడిపిన ఆ కేంద్రాల ఏర్పాటులో, నిర్వహణలో, మహిళల తరలింపులో సైన్యానికి ప్రత్యక్షంగానో పరోక్షంగానో ప్రమేయముందని, అనేక సందర్భాల్లో వారిని మభ్యపెట్టి, బలవంతపెట్టి, ఇష్టానికి విరుద్ధంగా చేర్చారని, కొన్నిచోట్ల అధికారులే నేరుగా పాలుపంచుకున్నారని ప్రకటన అంగీకరించి, క్షమాపణ కోరింది. దిగిపోతున్న ప్రభుత్వం ఇంత బరువైన విషయాన్ని తర్వాతివారికి వదిలేసినా అడిగేవారుండరు. వదలకపోవడంలోనే కోనో వ్యక్తిత్వం కనిపిస్తుందని నా అభిప్రాయం.

[తెరపై: 1994 జనవరి, హొసొకావా, కోనో ఒప్పందం]

ప్రతిపక్ష నేతగానూ ఆయన చేసింది తక్కువేమీ కాదు. ఎగువ సభలో వీగిపోయిన ఎన్నికల సంస్కరణలపై ప్రధాని హొసొకావాతో అర్ధరాత్రి దాకా చర్చించి రాజీ కుదిర్చారు. నియోజకవర్గానికి ఒక్క సభ్యుడే ఉండే నేటి విధానానికి దారి వేసింది ఆ ఒప్పందమే. అదే ఏడాది జూన్‌లో, దశాబ్దాల ప్రత్యర్థులైన సోషలిస్టుల నేత మురయామాను ప్రధానిని చేసి, సభలో అతిపెద్ద పార్టీకి అధ్యక్షుడై ఉండి కూడా తాను ఉపప్రధానిగా, విదేశాంగ మంత్రిగా సరిపెట్టుకున్నారు. పార్టీ తిరిగి అధికారంలోకి వచ్చింది. 1995లో అధ్యక్ష పదవి మాత్రం హషిమొతోకు వెళ్లింది, కొద్ది నెలలకే ఆయన ప్రధాని అయ్యారు.

1999 నుంచి 2001 వరకు కోనో మరోసారి విదేశాంగ మంత్రి. 2002లో కాలేయం దెబ్బతిన్నప్పుడు, పార్లమెంటు సభ్యుడైన కుమారుడు తారో తన కాలేయంలో కొంత భాగం ఇచ్చారు. కోలుకున్న తండ్రి 2003 నుంచి దిగువ సభ స్పీకర్‌గా ఉండి, 2009లో విరమించుకున్నారు.

ఆ ప్రకటనపై వివాదం మాత్రం ఆగలేదు. దాని రూపకల్పనపై 2014లో అబే ప్రభుత్వం సమీక్ష జరిపించి, పదాల ఎంపికపై దక్షిణ కొరియాతో సంప్రదింపులు జరిగాయని తేల్చింది, కానీ ప్రకటనను ఉపసంహరించుకోలేదు.